నాలుగు తేదీలతో పాక్షిక సూర్యగ్రహణాల లెక్క పట్టేయడం ఎలా (కళ్లు పాడుచేసుకోకుండా చూడడం కూడా)

ముందు ఒక కాగితం తీసుకుని ఈ నాలుగు తేదీలు రాసుకోండి. 2011 జనవరి 4, జూన్ 1, జూలై 1, నవంబర్ 25. ఆ ఏడాది వచ్చిన సూర్యగ్రహణాలు ఈ నాలుగే, నాలుగూ పాక్షికాలే, ఒక్కటి కూడా సంపూర్ణం కాదు, వలయాకారం (చంద్రుడి చుట్టూ ఉంగరంలా సూర్యుడు మిగిలేది) కాదు. ఇప్పుడు వాటి పక్కన ఇంకో నాలుగు రాయండి: 2029 జనవరి 14, జూన్ 12, జూలై 11, డిసెంబర్ 5. ఇవి 2029వి, ఆ ఏడాదికీ నాలుగే, అవీ అన్నీ పాక్షికాలే. తేడా తీసి చూడండి, 18 ఏళ్ల 10 రోజులు, ఇంకోసారి 18 ఏళ్ల 10 రోజులు, జూన్‌దానికి మాత్రం 11 రోజులు వచ్చింది, ఎందుకో కాసేపట్లో చెప్తాను.

పాక్షికం అనగానే చాలామంది "అబ్బే, కొంచెమే కదా" అని ఇంట్లోంచి బయటికి కూడా రారు. సంపూర్ణం చూడ్డానికి వేరే లెవెల్, దాంట్లో వాదన లేదు. కానీ గ్రహణాలు ఎలా తిరిగి తిరిగి వస్తాయో అర్థం కావాలంటే మాత్రం పాక్షికాల్నే పట్టుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే గ్రహణాలకి కుటుంబాలుంటాయి, ప్రతి కుటుంబం పుట్టడమూ పాక్షికంగానే, పోవడమూ పాక్షికంగానే.

సరే, అసలు ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు రాదు అన్న దగ్గర మొదలెడదాం. అమావాస్యకి చంద్రుడు మనకీ సూర్యుడికీ మధ్యలోకి వస్తాడు, నిజమే, కానీ చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, సూర్యబింబం వెడల్పేమో అర డిగ్రీనే, కాబట్టి మామూలు అమావాస్యల్లో చంద్రుడు సూర్యుడికి పైనుంచో కిందనుంచో జారిపోతాడు, నీడ భూమికి తగలకుండా ఖాళీలోకి పోతుంది. రెండు దారులూ ఒకదాన్నొకటి కోసుకునే చోట్లు రెండున్నాయి, వాటికే మన జ్యోతిశ్శాస్త్రంలో రాహువు, కేతువు అని పేర్లు, అవి కంటికి కనపడే వస్తువులు కావు, రెండు రోడ్లు కలిసే కూడళ్లు అనుకోండి. అమావాస్య టైముకి సూర్యుడు ఆ కూడలికి దగ్గర్లో ఉంటేనే గ్రహణం. మరీ దగ్గరగా ఉంటే సంపూర్ణమో వలయాకారమో, కొంచెం దూరంగా ఉంటే చంద్రుడి చిక్కటి నీడ, అంటే ప్రచ్ఛాయ, ధ్రువానికి అవతల్నుంచి దాటిపోతుంది, చుట్టూ ఉండే పల్చటి నీడ మాత్రమే భూమిని రాసుకుంటూ పోతుంది, అప్పుడు భూమ్మీద ఎక్కడా సంపూర్ణం ఉండదు, వచ్చేది వట్టి పాక్షికమే.

ఆ కూడళ్లు కూడా ఒకచోట ఉండవు, వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్లకి ఒక చుట్టు తిరుగుతాయి. అందుకని సూర్యుడు ఒక కూడలి దగ్గరికి మళ్లీ రావడానికి 365 రోజులు పట్టదు, 346.6 రోజులు చాలు. రెండు కూడళ్లున్నాయి కాబట్టి అందులో సగం, 173 రోజులకోసారి, గ్రహణాల సీజన్ వస్తుంది. ఒక్కో సీజన్ దాదాపు 34 రోజులు, అమావాస్యకీ అమావాస్యకీ మధ్య 29.5 రోజులే, అంటే ఏ సీజన్‌లోనైనా కనీసం ఒక అమావాస్య ఇరుక్కుని తీరుతుంది, ఒక్కోసారి మొదట్లో ఒకటి చివర్లో ఒకటి రెండు ఇరుక్కుంటాయి, అలా రెండొస్తే సాధారణంగా రెండూ పాక్షికాలే ఎందుకంటే రెండూ అంచుల్లోనే ఉంటాయి. 2011లో జూన్ 1, జూలై 1 అలాంటి జంటే. ఏడాదికి సూర్యగ్రహణాలు రెండుకి తగ్గవు, ఐదుకి మించవు, ఐదు రావడం చాలా అరుదు, 1935లో వచ్చాయి, మళ్లీ 2206లో.

ఇక్కడ ఒక చిట్కా చెప్తాను. క్యాలెండర్‌లో బాగా లోతైన, ఎక్కువసేపు ఉండే సంపూర్ణ చంద్రగ్రహణం ఏదైనా కనపడిందనుకోండి, దానికి ముందు అమావాస్యనీ తర్వాత అమావాస్యనీ ఓసారి చూడండి. చంద్రగ్రహణం సరిగ్గా కూడలి దగ్గర జరిగిందంటే రెండు పక్కల అమావాస్యలూ సీజన్ అంచుల్లో పడతాయి కదా, కాబట్టి తరచూ రెండిటికీ పాక్షిక సూర్యగ్రహణాలే దొరుకుతాయి. 2011 జూన్ 15న అలాంటి చంద్రగ్రహణమే వచ్చింది, అటూఇటూ మన జూన్ 1, జూలై 1. 2018లో జూలై 27 చంద్రగ్రహణం, అటు జూలై 13, ఇటు ఆగస్టు 11, రెండూ పాక్షిక సూర్యగ్రహణాలే. నాకు ఇది తెలిసిన రోజు పాత తేదీలన్నీ తిరగేస్తూ రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను.

ఇప్పుడు లెక్కలకి వద్దాం, కంగారు పడకండి, వట్టి కూడికలే.

దగ్గరి లెక్క ఏంటంటే ఒక గ్రహణం తేదీకి ఆరు చాంద్రమాసాలు, అంటే 177 రోజులు కలిపితే సాధారణంగా తర్వాతి సీజన్ గ్రహణం వస్తుంది. 2026 ఫిబ్రవరి 17కి 177 కలపండి, ఆగస్టు 13 వస్తుంది, అసలు గ్రహణం ఆగస్టు 12న. చంద్రుడు ఒకే స్పీడులో నడవడు కాబట్టి ఒక రోజు అటూఇటూ అవుతుంది, దాన్ని పట్టించుకోకండి, ఆ దగ్గర్లో ఉన్న అమావాస్య ఏదో చూసుకుంటే చాలు.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే ఇంకా బాగుంటుంది, 354 రోజులు, అంటే ఏడాదికి 11 రోజులు తక్కువ. ఇలా వరసలో పెట్టండి: 2026 ఫిబ్రవరి 17, 2027 ఫిబ్రవరి 6, 2028 జనవరి 26, 2029 జనవరి 14. మొదటి మూడూ వలయాకారాలు, చివరిది పాక్షికం. ఎక్కడ పడతాయో కూడా చూడండి, మొదటిది అంటార్కిటికా మీద, రెండోది చిలీ, అర్జెంటీనా నుంచి పశ్చిమ ఆఫ్రికా దాకా, మూడోది ఈక్వడార్, పెరూ, బ్రెజిల్ మీదుగా స్పెయిన్ వైపు, నాలుగోదానికి వచ్చేసరికి నీడ మధ్యభాగం ఉత్తర ధ్రువం దాటి పైకెళ్లిపోయింది, ఉత్తర అమెరికాకి పాక్షికం మిగిలింది. ఏడాదికేడాది దక్షిణం నుంచి ఉత్తరానికి ఎగబాకి భూమి అంచు దాటేసింది అన్నమాట. దీనికి జోడీ వరస 2026 ఆగస్టు 12, 2027 ఆగస్టు 2, 2028 జూలై 22, 2029 జూలై 11, ఇందులో మొదటి మూడూ సంపూర్ణాలు, ఇది పైనుంచి కిందికి దిగుతుంది, ఆఖరిది దక్షిణం వైపు అంచుకి తగిలీ తగలనట్టు తగులుతుంది. ఇలాంటి పొట్టి వరసలు నాలుగైదు అడుగులకి మించి సాగవు, ఎందుకంటే ప్రతిసారీ కూడలికి ఎనిమిది రోజుల దూరం జరిగిపోతాం.

జరగకుండా కచ్చితంగా తిరిగి రావాలంటే ఏం కావాలి? అమావాస్య అవ్వాలి, చంద్రుడు అదే కూడలి దగ్గర ఉండాలి, భూమికి దూరం కూడా అంతకుముందులాగే ఉండాలి (దూరంగా ఉంటే చంద్రబింబం చిన్నదై వలయం అవుతుంది, దగ్గరైతే సంపూర్ణం). ఈ మూడిటికీ మూడు వేరే గడియారాలు. అమావాస్య నుంచి అమావాస్యకి 29.5306 రోజులు, కూడలి నుంచి అదే కూడలికి 27.2122 రోజులు, భూమికి దగ్గరగా వచ్చిన చోటు నుంచి మళ్లీ అదే దగ్గరకి 27.5545 రోజులు. క్యాలిక్యులేటర్ తీసి మొదటిదాన్ని 223తో, రెండోదాన్ని 242తో, మూడోదాన్ని 239తో గుణించండి, నిజంగా గుణించండి, చదివి వదిలేస్తే ఆ మజా రాదు. మూడూ 6585 రోజుల పైన ముక్క దగ్గర ఆగుతాయి. దీన్నే సారోస్ చక్రం అంటారు, 6585 రోజుల 8 గంటలు కొంచెం తక్కువ. పాత బాబిలోనియా వాళ్లకే ఈ 18 ఏళ్ల లెక్క తెలుసు, సారోస్ అన్న పేరు మాత్రం 1691లో ఎడ్మండ్ హేలీ పెట్టాడు, అదీ పాత నిఘంటువులో ఉన్న మాటని తప్పుగా అర్థం చేసుకుని, కానీ పేరు అలాగే ఉండిపోయింది. సముద్రంలో మునిగిపోయిన ఓడలోంచి 1901లో బయటికి తీసిన యాంటికితెరా యంత్రం అని ఒకటుంది, రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు వాళ్ల పళ్ల చక్రాల పరికరం, దాని వెనక వైపు 223 గళ్లున్న సర్పిలం డయల్ ఉంది, ఆ 223 ఈ 223నే.

సారోస్ కలిపే పద్ధతి: 18 ఏళ్లు ముందుకెళ్లండి, తర్వాత 15 లోంచి ఈ మధ్యలో వచ్చిన ఫిబ్రవరి 29ల సంఖ్య తీసేయండి, మిగిలినన్ని రోజులు కలపండి. మధ్యలో లీపు రోజులు నాలుగొస్తే 11 రోజులు, ఐదొస్తే 10 రోజులు. ఆ పైన 8 గంటలు. 2011 నుంచి 2029 మధ్యలో 2012, 16, 20, 24, 28 ఐదున్నాయి కాబట్టి 10 రోజులు వచ్చింది. జూన్ 1ది మాత్రం ప్రపంచ ప్రామాణిక సమయం (యూటీసీ, మన టైముకి ఐదున్నర గంటలు వెనక) ప్రకారం రాత్రి 9 గంటల తర్వాత జరిగింది, దానికి 8 గంటలు కలిపితే అర్ధరాత్రి దాటిపోయి తేదీ ఒకటి ముందుకి దూకింది, మొదట్లో చెప్పిన 11వ రోజు అదే. అందుకే ఈ లెక్కలన్నీ ప్రపంచ ప్రామాణిక సమయంలోనే చేయండి, లోకల్ టైములో చేస్తే తేదీల దగ్గర పిచ్చెక్కుతుంది. గంట దాకా తేడా రావచ్చు, అది మామూలే.

ఆ 8 గంటలే అసలు తిరకాసు. 8 గంటల్లో భూమి మూడోవంతు తిరిగిపోతుంది, కాబట్టి కుటుంబంలో తర్వాతి గ్రహణం మీ ఊరికి రాదు, పడమరగా 120 డిగ్రీల అవతల పడుతుంది. 1999 ఆగస్టు 11ది యూరప్ మీదుగా పోయింది, దాని తర్వాతది 2017 ఆగస్టు 21న అమెరికాని అడ్డంగా దాటింది, ఆ తర్వాతది 2035 సెప్టెంబర్ 2న చైనా, జపాన్ వైపు. మూడు సార్లు కలిపితే 24 గంటలై భూమి మళ్లీ అదే ముఖం పెడుతుంది, 54 ఏళ్లు, నెల పైన రెండు మూడు రోజులు. 1973 జూన్ 30న ఆఫ్రికా ఎడారుల మీద ఏడు నిమిషాల సంపూర్ణ గ్రహణం వచ్చింది, కాంకార్డ్ విమానంలో కొందరు శాస్త్రవేత్తలు నీడతో పాటే పరిగెత్తి 74 నిమిషాలు చూశారు, దాని మూడో వారసుడు 2027 ఆగస్టు 2న మళ్లీ ఆఫ్రికా మీదకే వస్తోంది, కాకపోతే కొంచెం ఉత్తరంగా, మొరాకో, అల్జీరియా, ఈజిప్ట్ మీదుగా. మీరు చిన్నప్పుడు చూసిన పాక్షిక గ్రహణం తేదీ గుర్తుంటే దానికి 54 ఏళ్ల 33 రోజులు కలిపి చూస్కోండి, రోజుకి అదే వేళలో, దాదాపు అదే ప్రాంతంలో ఇంకోటి ఉంటుంది, మీ ఊరికి తగులుతుందా లేదా అన్నది వేరే సంగతి.

ఇప్పుడు పుట్టడం, పోవడం గురించి. 223 నెలలూ 242 కూడలి చుట్లూ అచ్చంగా సమానం కావు, చిన్న ముక్క తేడా ఉంది, దాంతో ఒక్కో సారోస్‌కి గ్రహణం కూడలి నుంచి దాదాపు అర డిగ్రీ పక్కకి జరుగుతుంది. సీజన్ అంటే కూడలికి అటు 17, ఇటు 17 డిగ్రీల సుమారు, అందులో అర డిగ్రీ చొప్పున నడవాలంటే 70 పైచిలుకు అడుగులు, 1200 నుంచి 1500 ఏళ్లు. మొదటి గ్రహణం ఒక ధ్రువం దగ్గర అంచుకి గోరు తగిలినంత, తర్వాతది కొంచెం ఎక్కువ, అలా పెరిగి పెరిగి మధ్యలో కొన్ని వందల ఏళ్లు సంపూర్ణాలో వలయాలో అయి, మళ్లీ తరిగి రెండో ధ్రువం దగ్గర ఆరిపోతుంది. ఏ కాలంలో చూసినా ఇలాంటి కుటుంబాలు ఓ నలభై ఒకేసారి నడుస్తూ ఉంటాయి, వాటికి నంబర్లు కూడా ఉన్నాయి.

మీ కాగితం మీదున్న 2011 జూలై 1 అలాంటి పుట్టుకే. సారోస్ 156 అనే కుటుంబానికి అది మొట్టమొదటిది, అంటార్కిటికా పక్కన సముద్రం మీద సూర్యుడి వ్యాసంలో పదోవంతు కూడా మూయలేదు. 2029 జూలై 11 దాని రెండోది, ఈసారి వ్యాసంలో 0.23 వంతు. 2047లో వచ్చే మూడోది 0.36. జూన్ 1ది దీనికి పూర్తిగా రివర్స్, అది సారోస్ 118, వెయ్యేళ్లు దాటిన ముసలి కుటుంబం, 2011లో 0.60, 2029లో 0.46, అలా తరుగుతూ 2083లో ఆఖరు. ఒకే సీజన్‌లో, నెల తేడాతో, ఉత్తరాన ఒకటి ఆరిపోతూ దక్షిణాన ఒకటి అంటుకుంటోంది, పాక్షికమే కదా అని తీసిపారేసే వాళ్లకి నేను చూపించేది ఇదే.

ఇంకో చక్రం కూడా ఉంది, మెటన్ చక్రం, 19 ఏళ్లకి అమావాస్య అదే తేదీకి వస్తుంది. 1999 ఆగస్టు 11, 2018 ఆగస్టు 11 రెండూ గ్రహణాలే, 2011 జూన్ 1, 2030 జూన్ 1 కూడా. కానీ నాలుగైదు సార్ల తర్వాత తెగిపోతుంది, పైగా గ్రహణం రకం ఏ మాత్రం కలవదు, తేదీ గుర్తుపెట్టుకోడానికి తప్ప నేను వాడను.

చూడడం సంగతి. పాక్షిక గ్రహణంలో ఫిల్టర్ లేకుండా చూడొచ్చు అనే క్షణం ఒక్కటి కూడా ఉండదు, సంపూర్ణంలో అయినా పూర్తిగా మూసుకున్న ఆ కాసిని నిమిషాలు ఉంటాయి గానీ ఇందులో అదీ లేదు, 95 శాతం మూసినా మిగిలిన సన్న నెలవంక రెటీనాని కాల్చడానికి సరిపోతుంది. రెటీనాకి నొప్పి తెలీదు, అప్పుడు ఏమీ కానట్టే ఉండి కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ కనపడుతుంది. ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి సరిపోయిన గ్రహణం కళ్లద్దాలు, లేదా 14 నంబర్ వెల్డింగ్ గ్లాస్ (12 కంటే తక్కువ వద్దే వద్దు). ఎక్స్‌రే ఫిల్మ్, సీడీలు, మసి పట్టిన గాజు, మామూలు నల్ల కళ్లజోడు, ఒకదాని మీద ఒకటి మూడు పెట్టుకున్నా సరే, ఏదీ పనికిరాదు, చీకటిగా కనపడితే చాలనుకుంటారు కానీ కంటికి కనపడని పరారుణం అందులోంచి వచ్చేస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి చూడడం అన్నిటికంటే ప్రమాదం, లెన్సు ఎండనంతా పోగేసి ఆ ఫిల్టర్‌ని కాల్చేస్తుంది, ఫిల్టర్ ఎప్పుడూ బైనాక్యులర్ ముందు వైపు ఉండాలి.

ఏమీ కొనకుండా చూడాలంటే గుండుసూది బెజ్జం చాలు. అట్టకి బెజ్జం పెట్టి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, బెజ్జంలోంచి పడే వెలుగుని తెల్ల కాగితం మీద పట్టండి. బొమ్మ సైజు దూరంలో దాదాపు 107వ వంతు ఉంటుంది, మీటరు దూరంలో 9 మిల్లీమీటర్లు. నేను మొదటిసారి బాగా కనపడాలని బెజ్జం పెద్దది చేశాను, చెప్పుల డబ్బాలో పెట్టి గంటసేపు గుండ్రటి మసక మరకనే చూశాను, గ్రహణం అయిపోయింది! బెజ్జం మిల్లీమీటరు ఉండాలి, బొమ్మ పెద్దది కావాలంటే దూరం పెంచాలి గానీ బెజ్జం కాదు.

అందుకే ఇప్పుడు అద్దం వాడుతున్నా. చిన్న అద్దానికి కాగితం అంటించి మధ్యలో 5 మిల్లీమీటర్ల ముక్క వదిలేసి, ఎండలో పెట్టి, ఆ మెరుపుని పది మీటర్ల దూరంలో నీడగా ఉన్న గోడ మీదకి కొట్టండి, 9 సెంటీమీటర్ల సూర్యుడు పడతాడు, పదిమంది ఒకేసారి చూడొచ్చు, పిల్లలు పైకి చూసే పనే ఉండదు (అద్దంలోకి మాత్రం తొంగి చూడనివ్వకండి). చెట్టు కింద నేలని కూడా మర్చిపోవద్దు, ఆకుల సందులన్నీ బెజ్జాలే, నేలంతా వందల నెలవంకలు. జల్లెడ పట్టుకున్నా అంతే.

ఎంత మూసింది అని చెప్పేటప్పుడు రెండు అంకెలుంటాయి, జనం కలిపేస్తుంటారు. ఒకటి వ్యాసంలో ఎంత, ఇంకోటి విస్తీర్ణంలో ఎంత. వ్యాసంలో 0.5 అంటే విస్తీర్ణంలో 39 శాతమే, 0.2 అంటే 10 శాతం, 0.8 అంటే 75 శాతం. పైగా సగం మూసినా బయట వెలుతురు తగ్గినట్టు మీకు అనిపించదు, కన్ను సర్దుకుంటుంది, 80 శాతం దాటాకే ఎండ రంగు ఏదో తేడాగా ఉంది అనిపిస్తుంది. చీకటి పడుతుందని ఎదురుచూస్తే నిరాశే.

చూసేటప్పుడు పక్కన నోట్‌బుక్ పెట్టుకుని స్పర్శ (మొదలు) టైము, మధ్యం, మోక్షం (ముగింపు) మూడూ రాసుకోండి, గోడ మీద బొమ్మని పది నిమిషాలకోసారి పెన్సిల్‌తో గీసుకుంటే ఇంకా మంచిది, మొత్తం రెండు గంటల పైన పట్టొచ్చు. మధ్యం టైముని ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మార్చి, సారోస్ కలిపి, దాని వారసుడి తేదీని కూడా అదే పేజీలో రాసేయండి.

ప్రాక్టీస్‌కి మొదటి కాగితం మళ్లీ తీయండి, 2029 తేదీలకి ఇంకో సారోస్ కలిపి 2047వి కట్టండి. మధ్యలో లీపు రోజులు 2032, 36, 40, 44 నాలుగే, కాబట్టి 11 రోజులు. జూన్ 23, జూలై 22, డిసెంబర్ 16 తేలిగ్గా వచ్చేస్తాయి. జనవరిది మాత్రం 25 అని రాస్తారు, తప్పు, 2029 జనవరి 14ది ప్రపంచ ప్రామాణిక సమయం సాయంత్రం 5 దాటాక, 8 గంటలు కలపండి, 26.